వెన్నులో కాస్త చోటు

నడుము దగ్గర వెన్ను నాళం ఇరుకైన మనిషి నాలుగు వీధులు నడవలేడు గాని, సైకిలెక్కితే ఊరు దాటి వెళ్ళి రాగలడు. అవే కాళ్ళు, అవే కండరాలు, అదే గుండె. నడకకు అందని బలం తొక్కడానికి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇంట్లోవాళ్ళకు సందేహం కలుగుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ మనిషికే కలుగుతుంది. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ మీద మోచేతులు ఆన్చి గంటసేపు హాయిగా తిరిగినవాడు, బయటికి వచ్చాక ఆటో దాకా వెళ్ళడానికి మధ్యలో రెండు చోట్ల కూర్చుంటాడు. అలిపిరి మెట్ల దారిలో కొండ ఎక్కేటప్పుడు ఒళ్ళు దానంతట అదే ముందుకు వంగుతుంది, కాళ్ళు ఎలాగో ఓర్చుకుంటాయి. దిగేటప్పుడు నడుము వెనక్కి వాలుతుంది, పిక్కలు బిగిసి పాదాలు మొద్దుబారతాయి. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అన్న లోకానుభవాన్ని ఈ వ్యాధి తలకిందులు చేస్తుంది.

కారణం చెబితే చాలా చిన్నది. ముందుకు వంగితే నాళం కొద్దిగా విచ్చుకుంటుంది, నిటారుగా నిలిస్తే ఆ మేరకు ముడుచుకుంటుంది. తేడా మిల్లీమీటర్లలోనే. కానీ లోపల చోటు మిగలనప్పుడు ఒక్క మిల్లీమీటరే రాజ్యమేలుతుంది. నిటారైన వెన్నును మనం ఆత్మగౌరవానికి ఆనవాలుగా చెప్పుకుంటాం. ఇక్కడ మాత్రం వంగినప్పుడే ఊరట. వీధిలో వంగి నడిచే వృద్ధులందరినీ వయసే వంచిందనుకుంటాం. వారిలో కొందరు ఎవరూ నేర్పకుండానే, అడుగడుగునా తమకు తాము వైద్యం చేసుకుంటున్నారు.

వెన్నుపాము నడుము చివరిదాకా రాదు. నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ముగిసిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి దిగేవి నరాల పోగులు. శరీర శాస్త్రంలో ఆ గుత్తికి గుర్రపుతోక అని పేరు. కాళ్ళ కదలిక, అరికాలి స్పర్శ, మూత్రం మీద అదుపు అన్నీ వాటి ఆధీనంలోనే ఉంటాయి. ఆ పోగులు ఉండే నాళం ముందునుంచి వెనక్కి కొలిస్తే మామూలుగా 15 మిల్లీమీటర్లకు తక్కువ ఉండదు. 10 కంటే తగ్గితే బాగా ఇరుకైనట్టే లెక్క. నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్యనే ఈ ఇరుకు ఎక్కువగా కనిపిస్తుంది.

నాళాన్ని ఇరుకు చేసినవి ఏవని వెతికితే ఆశ్చర్యం వేస్తుంది. ముందువైపు డిస్కు ఉంది. అది ఏళ్ళ తరబడి నీరు కోల్పోయి, ఎత్తు తగ్గి, కొంచెం వెనక్కి ఉబ్బుతుంది. డిస్కు కుంగేసరికి వెనకనున్న చిన్న కీళ్ళ మీద అదనపు బరువు పడుతుంది. అది మోయడానికి అవి కొత్త ఎముకను పెంచుకుని లావెక్కుతాయి. పూసకూ పూసకూ నడుమ వెనకవైపు ఒక పసుపుపచ్చని బంధనం ఉంటుంది. ఎలాస్టిన్ అనే ప్రోటీన్ దండిగా ఉండటం వల్లనే దానికి ఆ రంగు, ఆ సాగే గుణం. వయసు పైబడేకొద్దీ సాగే గుణం తగ్గి మందం పెరుగుతుంది, మనిషి నిలబడినప్పుడు అది మడతపడి నాళంలోకి తోసుకువస్తుంది. ఇందులో క్రిమి లేదు, విషం లేదు, బయటినుంచి వచ్చిన శత్రువు ఎవరూ లేరు. వెన్ను కదిలిపోకుండా నిలబెట్టాలని ప్రతి భాగమూ తన వంతు పని శ్రద్ధగానే చేసింది. అందరూ కలిసి కాపాడిన తీరుకు, కాపాడవలసిన నరాలకే ఊపిరి సలపలేదు.

ఈ సంగతిని వైద్యలోకం గుర్తించడం అంత పాతది కాదు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరంలో హెంక్ వెర్బీస్ట్ అనే నాడీశస్త్రవైద్యుడు 1954లో రాసిన వ్యాసం దీనికి స్పష్టమైన రూపమిచ్చింది. పడుకున్నప్పుడు ఏ బాధా లేని మనుషులు, లేచి నిలబడి నాలుగడుగులు వేసేసరికి కాళ్ళలో నొప్పితో, తిమ్మిరితో ఆగిపోతున్నారని ఆయన గమనించాడు. వాళ్ళ వెన్ను తెరిచి చూస్తే ఎముకల నాళమే సన్నగా ఉంది. రోగిని మంచం మీద పడుకోబెట్టి పరీక్షించడం వైద్యుల అలవాటు. ఈ జబ్బు మంచం మీద కనిపించదు. అది కనపడాలంటే మనిషి నడవాలి, వైద్యుడు ఆ నడకను చూడాలి, కనీసం ఓపిగ్గా వినాలి. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా ఈ మాటకు విలువ తగ్గలేదని నా నమ్మకం.

మా మేనత్తను చూసిన పెద్ద డాక్టరు ఫిల్ముల కవరు విప్పక ముందే ఒక ప్రశ్న అడిగాడు. "నడుస్తూ నడుస్తూ నొప్పొస్తే, ఊరికే ఆగి నిలబడితే తగ్గుతుందా అమ్మా, కూర్చుంటేనే తగ్గుతుందా?" ఆమె వెంటనే, "నిలబడితే ఏం లాభం బాబూ, ఎక్కడో అక్కడ చతికిలపడాల్సిందే. గుళ్ళో ప్రదక్షిణాలకు వెళితే అరుగు ఎక్కడుందా అని చూసుకుంటూ తిరుగుతాను" అంది. సగం నిర్ణయం అక్కడే జరిగిపోయింది. కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయినవాడికి కూడా నడిస్తే పిక్కలు లాగుతాయి. అయితే అతనికి ఆగి నిలబడితే చాలు, కండరం అడిగే రక్తం తగ్గి నొప్పి సర్దుకుంటుంది. ఇక్కడ నిలబడటమే ఇబ్బంది కనుక నిలబడితే సర్దుకోదు. రెండు వేర్వేరు వ్యాధులు, రెండు వేర్వేరు విభాగాలు, వాటి నడుమ దారి చూపించేది ఒక ముసలమ్మ అరుగుల జ్ఞాపకం.

ఎమ్మారై ఫిల్ము చూపించే ఇరుకు నిజమే. కానీ ఆ నిజం ఒక్కటే సరిపోదు. 1990లో అమెరికాలో స్కాట్ బోడెన్ బృందం, ఎన్నడూ నడుము నొప్పి గాని కాలి నొప్పి గాని ఎరగని 67 మందికి ఈ స్కానింగ్ చేసి చూసింది. వారిలో అరవై దాటినవాళ్ళలో 21 శాతం మందికి నాళం ఇరుకుగా ఉంది. వాళ్ళు నడుస్తున్నారు, నవ్వుతున్నారు, పనులు చేసుకుంటున్నారు. మరొకరికి అంతకంటే తక్కువ ఇరుకు ఉండి, వీధి చివర పాల బూత్ దాకా వెళ్ళలేకపోవచ్చు. అందువల్ల శస్త్రచికిత్స బొమ్మకు చేసేది కాదు. బొమ్మలో ఉన్నదీ మనిషి చెప్పేదీ ఒకే చోట కలిసినప్పుడే కత్తికి పని. కలవనప్పుడు మందులు, వ్యాయామం, కొంత ఓపిక. చాలామందికి వాటితోనే కాలం సాఫీగా గడిచిపోతుంది. కాళ్ళు పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు జారుతున్నా మాత్రం ఓపికకు తావులేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

పాత పద్ధతి ఆపరేషన్ దాపరికం లేనిది. నడుము మధ్యలో నిలువుగా కోసి, పూసలకు అతుక్కున్న కండరాలను రెండు వైపులా విడదీసి, నాళానికి వెనకవైపు కప్పులా ఉన్న ఎముక పలకను తొలగించేవారు. నరాలకు చోటు దొరికేది, చాలామంది నడిచేవారు కూడా. అయితే చోటు కోసం విడదీసిన ఆ కండరాలే వెన్నును పట్టి నిలిపేవి. కీళ్ళను ఎక్కువగా తీసేస్తే పూస మీద పూస జారే ప్రమాదం ఉంది. జారకుండా స్క్రూలు, రాడ్లు వేసి బిగించడం మరో ఆపరేషన్. ఒక కాలంలో ఇరుకు తీసిన చోటల్లా బిగించడం కూడా మంచిదేమోనని తలచారు. స్వీడన్ వైద్యులు రెండు గుంపులను పోల్చి 2016లో ప్రకటించిన ఫలితాల్లో, బిగింపు కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. ఎక్కువ చేయడం ఎక్కువ మేలు కాదని తేలడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సన్నని గొట్టంలోంచి దేహాన్ని చూడాలన్న కోరిక మాత్రం చాలా పాతది. 1806లోనే జర్మనీకి చెందిన ఫిలిప్ బోజ్జిని కొవ్వొత్తి వెలుగును అద్దం సాయంతో శరీరంలోకి పంపే పరికరం తయారుచేశాడు. వెన్ను వంతు రావడానికి ఇంకా నూట పాతికేళ్ళు పట్టింది. 1931లో మైకేల్ బర్మన్ శవాల వెన్ను నాళంలోకి గొట్టం పంపి చూశాడు. 1938లో లారెన్స్ పూల్ బతికున్న మనుషుల్లో చూడటం మొదలుపెట్టి, 1942 నాటికి దాదాపు 400 మంది వెన్ను నాళాలను ఆ కంటితో పరికించాడు. వాళ్ళిద్దరూ చూశారు, అంతే. చూసిన చోట ఏమీ చేయగలిగేవారు కాదు. హారొల్డ్ హాప్కిన్స్ గాజు కడ్డీల కటకాలు బొమ్మను తేటపరచాయి. 1970లలో జపాన్‌లో హిజికాటా, అమెరికాలో పర్వీజ్ కాంబిన్ చర్మంలోంచి సన్నని గొట్టం దింపి డిస్కును కొంత తీయడం మొదలుపెట్టారు. నరానికి తగలకుండా డిస్కును చేరే త్రికోణాకారపు సందును కాంబిన్ గుర్తించాడు. ఇవాళ్టికీ ఆ సందు ఆయన పేరుతోనే ఉంది. మెత్తని డిస్కును తీయడం ఒక ఎత్తు, గట్టి ఎముకను నీళ్ళలో అరగదీయడం ఇంకో ఎత్తు. అందుకే నాళం ఇరుకుకు ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. గత పదిపదిహేనేళ్ళలో దక్షిణ కొరియా వైద్యులు రెండు రంధ్రాల పద్ధతిని, ఒకదాంట్లో కెమెరా, మరోదాంట్లో పనిముట్టు ఉండే పద్ధతిని బాగా సానపట్టారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి.

ఆపరేషన్ జరిగే తీరులో నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపినవి కొన్ని ఉన్నాయి. మొదటిది కన్ను ఉన్న చోటు. సూక్ష్మదర్శినితో చేసేటప్పుడు వైద్యుడి చూపు బయటినుంచి లోపలికి వెళుతుంది. లోతు పెరిగేకొద్దీ దారి విశాలం కావాలి. ఎండోస్కోపులో, అంటే కెమెరా ఉన్న ఈ సన్నని గొట్టంలో, కన్నే లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. కొసన ఒక వాలు ఉంటుంది కనుక ఎదురుగా ఉన్నదే గాక పక్కన దాగినది కూడా కనపడుతుంది. సెంటీమీటరుకు మించని గాటులోంచి, పెద్ద గాటులో కనిపించనివి కనిపిస్తాయి. వైద్యుడి చేతులు రోగి నడుము మీద ఉంటాయి, కళ్ళు ఎదుటి తెర మీద ఉంటాయి. చేయి ఒక చోట, చూపు ఒక చోట పనిచేయడం అలవడాలంటే ఏళ్ళు పడుతుంది. ఈ విద్యలో నేర్పరితనం నెమ్మదిగా పండుతుందని అందులో ఉన్నవాళ్ళే చెబుతారు. రోగి అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం కూడా ఇదే.

రెండోది నీరు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఉప్పునీరు లోపలికి పారుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి చిన్న చిన్న రక్తనాళాల స్రావం అణుగుతుంది, అరిగిన ఎముక పొడి కొట్టుకుపోతుంది, దృశ్యం తేటగా ఉంటుంది. నీరు బయటికి పోయే దారి సరిగా లేక లోపల ఒత్తిడి పెరిగితే మెడలో, తలలో నొప్పి రావచ్చు. అంచేత వచ్చే నీటిని ఎంత చూసుకుంటారో పోయే నీటినీ అంతే చూసుకోవాలి.

మూడోది ఆ పసుపు బంధనం. ఇరుకుకు కారకుల్లో పెద్దది అదే, తీసేయవలసిన వాటిలో ముఖ్యమైనదీ అదే. కానీ అనుభవజ్ఞులు దాన్ని మొదట ముట్టుకోరు. నిమిషానికి వేల చుట్లు తిరిగే చిన్న బర్‌తో ఎముకను అరగదీస్తున్నంతసేపూ ఆ బంధనాన్ని అలాగే ఉంచుతారు. దాని అడుగునే నరాల సంచి ఉంటుంది. ఆ పొర చాలా పలచన, చిరిగితే లోపలి ద్రవం కారుతుంది. ఎముక పని పూర్తయ్యేదాకా నరాలను కాచేది ఇన్నాళ్ళూ వాటిని నొక్కిన బంధనమే. చిట్టచివర దాని అంచులు విడదీసి, ముక్కలుగానో ఒకే పలకగానో బయటికి తీస్తారు. అపరాధికి చివరి గడియదాకా కాపలా పని అప్పగించే ఈ పద్ధతిలో, మంచిచెడ్డలను ఒకే వస్తువులో చూడగలిగిన పెద్దరికం ఒకటి ఉందనిపిస్తుంది.

ఒకవైపునుంచే లోపలికి వెళ్ళి, మధ్యలోని ఎముక ముల్లు అడుగునుంచి అవతలి వైపుకూ చేరుకుంటారు. అవతలి కండరాలకు తాము ఆపరేషన్ గదిలోకి వచ్చిన సంగతే తెలియదు. రెండు వైపులా వత్తిడి తీరాక, అప్పటిదాకా కదలకుండా నొక్కుకుపోయి ఉన్న నరాల సంచి మెల్లగా కొట్టుకోవడం మొదలవుతుంది. గుండె లయ ఆ ద్రవంలోంచి కిందిదాకా వచ్చి తెర మీద కనిపిస్తుంది. చాలినంత చోటు దొరికిందని వైద్యులు తెలుసుకునే గుర్తుల్లో అదొకటి.

ఇంత పనిలోనూ శరీరానికి కొత్తగా ఇచ్చినది ఏమీ లేదు. మందు పెట్టలేదు, లోహం వేయలేదు, ఏదీ అతికించలేదు. బావి తవ్వినవాడు ఇచ్చేది ఖాళీయే అయినా ఊరు బతికేది దానితోనే. ఇక్కడ ఇచ్చినది కూడా కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. నిజమైన విద్య ఎంత తీశారన్న దానిలో కంటే ఎంత ఉంచారన్న దానిలో తెలుస్తుంది. తక్కువ తీస్తే కాళ్ళు మళ్ళీ మొరాయిస్తాయి, రెండోసారి వెళ్ళాలి. ఎక్కువ తీస్తే కీలు బలం కోల్పోయి పూస జారుతుంది. కీళ్ళలో సగానికి పైగా నిలిచేలా చూసుకుంటూ నరం దారిని విడిపించడం అనే ఆ సన్నని గట్టు మీదే ఆపరేషన్ అంతా నడుస్తుంది. చిన్న గాటు ఆ గట్టును వెడల్పు చేయదు.

అందుకే రోడ్డు పక్క పెద్ద బోర్డుల మీద కుట్టు లేదు, కోత లేదు అని రాసి ఉన్నది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. గాటు చిన్నదే. లోపల అరగదీసిన ఎముక చిన్నది కాదు, పక్కనున్న నరాల విలువ చిన్నది కాదు, పొర చిరిగితే వచ్చే చిక్కు చిన్నది కాదు. కొరియాలో ఎండోస్కోపునూ సూక్ష్మదర్శినినీ పోల్చి చూసిన పరిశోధనలో, ఏడాది గడిచేసరికి రెండు గుంపుల ఫలితాలూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. తొలి రోజుల నొప్పిలో, త్వరగా లేచి తిరగడంలో చిన్న గాటుకు మేలు ఉంది. డెబ్బై దాటిన మనిషికి, మంచం పట్టడమే పెద్ద గండమైన మనిషికి, అది చిన్న మేలు కాదు. కానీ నయమయ్యేది లోపలి వెడల్పు వల్ల. బయటి మచ్చ సన్నదనం వల్ల కాదు. పైగా విడిపించేది కాళ్ళ నరాలను గనుక, ఊరట ముందుగా కాళ్ళకే దక్కుతుంది. నడుము నొప్పి అంతా పోతుందని ఆశపడి వెళ్ళినవాళ్ళు చాలాసార్లు నిరాశపడతారు. అమెరికాలో 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారికి స్పష్టమైన మేలు కనిపించింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మేలు కొంత పలచబడింది. వయసు ఆగదు, మిగతా డిస్కులు కుంగుతూనే ఉంటాయి. ఇది చెబితే రోగి భయపడతాడని దాచేవాళ్ళున్నారు. చెబితేనే ఆ మనిషి తన నిర్ణయం తాను తీసుకోగలడని నేను అనుకుంటాను.

నరం బయటికి వచ్చే పక్క సందులో మాత్రమే ఇరుకు ఉంటే, కొన్నిసార్లు మత్తు ఇవ్వకుండా, ఆ చోటు ఒక్కటే మొద్దుబార్చి చేస్తారు. రోగి బోర్లా పడుకుని మెలకువగా ఉంటాడు. పనిముట్టు నరానికి దగ్గరైతే కాలు జివ్వుమంటుంది, "అయ్యా, కాల్లోకి లాగుతోంది" అంటాడు, చేయి ఆగుతుంది. తెర మీద అంత స్పష్టమైన బొమ్మ ఉండగా కూడా, దారి సరైనదో కాదో చెప్పే చివరి మాట రోగిదే. వెర్బీస్ట్ కాలంలోనూ వ్యాధి ఆచూకీ చెప్పింది రోగి మాటే, ఆపరేషన్ బల్ల మీదా అదే అక్కరకొస్తోంది.

ఆపరేషన్ తర్వాత మిగిలేది వ్యాయామం చేయించే మనిషి పని. నాళం విశాలమయ్యాక కూడా చాలామంది వంగే నడుస్తారు. ఏళ్ళ తరబడి వంగి తప్పించుకున్న ఒళ్ళు, ముప్పు తప్పిందని వెంటనే నమ్మదు. తుంటి ముందు కండరాలు కురచబడి ఉంటాయి, వీపు కండరాలు పని మరిచిపోయి ఉంటాయి. మా మేనత్తకు వ్యాయామం నేర్పిన అమ్మాయి ఆమెను గోడకు వీపు ఆన్చి నిలబెట్టి, "తల పైకెత్తండమ్మమ్మా, ఇంకేం కాదు" అంటూ వారాల తరబడి బతిమాలింది. ఆమె తల ఎత్తేది, రెండు నిమిషాలకు మళ్ళీ వంగేది, మళ్ళీ ఎత్తేది. ఇప్పుడు ప్రదక్షిణాల మధ్య కూర్చోవడం లేదు. వంపు పూర్తిగా పోలేదు, కొంత ఉంది, ఉంటుందనే ఆ అమ్మాయి కూడా చెప్పింది.